పిన్ను పీకే పుల్ల

2006లో బెంగుళూరులో నేను చేరిన మొదటి కంపెనీలో ఒక లాబు ఉండేది. లాబంటే పెద్దగా ఊహించుకోకండి. కిటికీల్లేని గది, నాలుగు బల్లలు, వాటి మీద మా బోర్డులు, బోర్డుల నిండా వైర్లు. మేం రాసే కోడు ఆ బోర్డుల మీద నడవాలి. నడిచిందో లేదో తెలియాలంటే సీరియల్ కేబులొకటి తగిలించి, తెర మీద అక్షరాలేమైనా వస్తాయా అని గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడాలి. సగం సార్లు ఏమీ వచ్చేది కాదు. తప్పు కోడుదా, బోర్డుదా, కేబులుదా? మనం రాసిన కోడు మీద మనకెంత నమ్మకమో మీకు తెలీనిదేముంది, ముందు కేబులునే అనుమానించేవాళ్ళం.

చిత్రమేమిటంటే, చాలాసార్లు తప్పు కేబులుదే అయ్యేది! డీబీ-9 కనెక్టర్లో 2, 3 నంబరు పిన్నుల్లో ఒకటి వినేది, ఒకటి చెప్పేది. కంప్యూటర్నీ మోడెమునీ కలపడానికి నేరు కేబులు చాలు. రెండు కంప్యూటర్లని కలపాలంటే మాత్రం ఈ రెండు పిన్నుల్నీ ఒక పక్కన అటుదిటు మార్చాలి. మార్చకపోతే ఇద్దరూ చెబుతూనే ఉంటారు, వినేవాడుండడు (మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగు టైపులో).

కొత్త కేబులు కావాలంటే స్టోర్సుకి కాగితం పెట్టుకుని వారం ఆగాలి. అంత ఓపిక ఎవరికుంది? ఉన్న కేబులు తొడుగు విప్పి, 2లో ఉన్న పిన్నుని 3లోకీ, 3లో ఉన్నదాన్ని 2లోకీ మార్చేద్దామని కూర్చున్నాను. నోసు ప్లయరుతో వైరు పట్టుకుని గట్టిగా లాగాను. వచ్చింది. వైరొక్కటే వచ్చింది! పిన్ను లోపలే ఉండిపోయింది. ఇక ఆ గూటిలో మరో పిన్ను దూరదు, ఉన్నది బయటికి రాదు. అయిదు నిమిషాల పనికి ఒక కేబులు సమర్పయామి.

మా లాబు చూసుకునే పెద్దాయన ఒకాయనుండేవారు. తమిళాయన, అంతకుముందు ఏదో ఫాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు చేసొచ్చారు. ఏమీ అనలేదు. సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ పుల్ల తీసి నా ముందు పెట్టారు. వేలెడు పొడవుంది. ఒక కొస ఎరుపు, ఒక కొస తెలుపు. ఎర్ర కొస పిన్నుని లోపలికి దూర్చడానికి, తెల్ల కొస బయటికి తియ్యడానికి. రెండు కొసలూ నిలువునా చీల్చిన సన్న గొట్టాల్లా ఉంటాయి. తెల్ల కొసని వైరు మీద కూర్చోబెట్టి, వెనకనుంచి గూట్లోకి జారిస్తే లోపల పిన్ను భుజాన్ని పట్టుకునున్న రేకు రెక్కలు విచ్చుకుంటాయి. అప్పుడు పుల్లనీ వైరునీ కలిపి లాగితే, వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేస్తుంది. బలం అక్కర్లేదు. బలం పెట్టాల్సొస్తోందంటే పుల్ల సరిగ్గా కూర్చోలేదని అర్థం.

(ఇదంతా క్రింపు చేసిన పిన్నులున్న కనెక్టర్లకే. సాల్డరింగు చేసేవాటిలో పిన్నులు ఊడిరావు. ఈ ముక్క కూడా ఇంకో కేబులు తగలేశాకే తెలిసింది.)

అప్పట్నుంచీ నాకీ పిన్నుల పిచ్చి పట్టుకుంది. కనెక్టరంటే మనకి కనిపించేది ఓ ప్లాస్టిక్ ముక్క. దాని పని కరెంటు పంపించడం కాదు, పిన్నుల్ని కదలకుండా పట్టుకోవడం. పిన్ను వెనకనుంచి దూరేటప్పుడు సన్నగా 'టిక్' మంటుంది. పిన్నుకున్న రేకు నాలుక నొక్కుకుని లోపలికి పోయి, గట్టు దాటాక మళ్ళీ లేచి నిలబడ్డ చప్పుడది. ఇక వెనక్కి లాగితే ఆ నాలుక గట్టుకి తన్నుకుంటుంది. కొన్నిట్లో నాలుక పిన్నుకి కాదు, ప్లాస్టిక్ గూటికే ఉంటుంది. అక్కడ రేకుని నొక్కడం కాదు, ప్లాస్టిక్ నాలుకని పైకెత్తాలి. ఇది తెలియక మొరటుగా పొడిస్తే నాలుక విరుగుతుంది, ఆ తరవాత ఆ గూడు ఏ పిన్నునీ పట్టుకోదు.

మీ డెస్కుటాప్ మూత తీస్తే మదర్‌బోర్డుకి వెళ్ళే 24 పిన్నుల లావాటి కనెక్టరుంటుంది చూశారా, అందులో ఒక్కో పిన్నుకీ అటొకటి ఇటొకటి రెండు ముళ్ళుంటాయి. రెండిటినీ ఒకేసారి నొక్కాలి. దానికి రెండు పళ్ళ టూలు అమ్ముతారు. అది లేనివాళ్ళు స్టేప్లరు పిన్నులు రెండు తీసుకుని, చెరో పక్కా దూర్చి పని కానిస్తారు. నేనూ కానిచ్చాను. కాకపోతే ఒక హెచ్చరిక: పవర్ సప్లైకి విడిగా తగిలించుకునే కేబుళ్ళుంటాయే, వాటికి పవర్ సప్లై వైపు ఏ పిన్నులో ఏమొస్తుందన్నదానికి ఒక ప్రమాణమంటూ లేదు. ఒక కంపెనీ కేబులు ఇంకో కంపెనీదానికి చక్కగా దూరుతుంది, టిక్కుమంటుంది, హార్డుడిస్కుని చక్కగా కాల్చేస్తుంది.

సరే, ఇంత సోది దేనికంటే, ఈ విద్యంతా వచ్చని నేను విర్రవీగిన ఫలితం చెప్పడానికి.

మా నాన్నగారు తెనాల్లో ఉంటారు. రిటైరయ్యి చాన్నాళ్ళయింది. పదకొండేళ్ళనాటి చిన్న కారొకటుంది. కొత్తది కొనిస్తానంటే వద్దంటారు. దాంట్లో అమ్మని నెలకోసారి విజయవాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొస్తారు. ఆ కారుకి వైరింగు పని ఏదొచ్చినా విజయవాడ ఆటోనగర్లో ఒక మేస్త్రి దగ్గరికి వెళ్ళడం ఆయనకి అలవాటు. ఆటోనగర్ సంగతి తెలుసుగా, లారీ బాడీలు కట్టడం దగ్గర్నుంచి స్టీరింగు తొడుగు దాకా అక్కడ కానిది లేదు. ఈ మేస్త్రి లారీల వైరింగుతో మొదలెట్టి కార్లలోకొచ్చినాయన.

2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పొద్దున్నపూట కారు స్టార్టవ్వడానికి మొరాయించింది. ఇంట్లో ఇంజనీరుండగా మేస్త్రి దేనికి? నా బ్లూటూత్ స్కానరు, మల్టీమీటరు పట్టుకుని దిగాను. వీడియోల్లో చూసినట్టే బ్యాటరీ, రిలేలు, ఫ్యూజులు, సెన్సర్లు వరసపెట్టి పరీక్షించాను. చివరికి తేలింది బ్యాటరీ ముసలిదైపోయిందని. కొత్తది వేయించాం, చిటికెలో స్టార్టయింది. నాన్నగారు పక్కింటాయనతో "మావాడే కనిపెట్టాడండీ" అని రెండుసార్లు చెప్పారు. నేను వినలేదన్నట్టు నటించాను.

మార్చిలో మొదలైంది అసలు బాధ. నడుస్తూ నడుస్తూ ఇంజను టప్పున ఆగిపోవడం. పది నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవడం. మొదటిసారి ఊళ్ళోనే. రెండోసారి రాత్రి ఎనిమిదిన్నరకి, విజయవాడ నుంచి వస్తూ దుగ్గిరాల దగ్గర. లైటు లేని చోట, రోడ్డు అంచుకి కూడా పూర్తిగా చేరకుండా ఆగింది. వెనక ఇటుకల లారీ. వాడు హారను కొట్టి పక్కనుంచి తప్పించాడు కాబట్టి సరిపోయింది. నాన్నగారు ఈ సంగతి చెప్పలేదు. అమ్మ చెప్పింది, అది కూడా నాలుగు రోజుల తరవాత, ఇంకేదో మాటల్లో. ఆ రాత్రి హైదరాబాదులో నాకు నిద్ర పట్టలేదు.

ఫోన్లో నేనన్న మొదటి మాట: "ఆ ఆటోనగర్ ఆయన చేత చెయ్యి పెట్టించకండని ఎన్నిసార్లు చెప్పాను నాన్నగారూ? ఏ వైరు ఎక్కడ కలిపాడో." అంతకు ఏడాది ముందు మేస్త్రి హారను రిలే మార్చాడు. దానికీ దీనికీ సంబంధమేంటని నన్నడగొద్దు. నాన్నగారు "ఆయన మంచి పనివాడేరా" అని ఏదో అనబోయి ఊరుకున్నారు. కంపెనీ సర్వీసు సెంటర్లోనే చూపించమని పట్టుబట్టాను.

వాళ్ళు స్కాను చేస్తే పీ-0335 కోడు వచ్చింది. క్రాంకు షాఫ్టు తిరుగుతోందా లేదా, ఎక్కడిదాకా తిరిగింది అని చూసే సెన్సరు తాలూకు కోడది. ఆ కబురు అందకపోతే నిప్పురవ్వ ఎప్పుడెయ్యాలో, పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో ఇంజను కంప్యూటరుకి తెలియదు, ఆపేస్తుంది. సెన్సరు మార్చారు. మూడు వారాలు బాగుంది. నాలుగో వారం మళ్ళీ ఆగింది. మళ్ళీ తీసుకెళ్తే వైర్లన్నీ మీటరు పెట్టి చూశారు, ఎక్కడా తెగలేదు. తెగకపోయినా కోడు వస్తోంది కాబట్టి ఇంజను వైరింగు మొత్తం మార్చాలన్నారు. అంచనా 32,000. అప్పటికీ పోకపోతే ఇంజను కంప్యూటరు చూద్దామన్నారు.

ఇక్కడ వాళ్ళని తిట్టడం తేలిక. కానీ ఆ ఎస్టిమేటు కాగితం చేతిలో పట్టుకుని చూస్తుంటే ఎక్కడో చదివినట్టనిపించింది. నేను రాసినవే! ఓసారి ఒక ప్రాజెక్టులో వారానికోసారి మాత్రమే వచ్చే తప్పొకటి దొరక్క, "ఈ మాడ్యూలు మొత్తం తిరగరాయాలి, ఎనిమిది నెలలు" అని గంభీరంగా ప్రెజెంటేషన్ ఇచ్చాను. తీరా చూస్తే ఒక సర్వర్లో ఒక కాన్ఫిగరేషన్ లైను తేడా. దొరకని తప్పుని మొత్తం మార్చేస్తే పోతుందనుకోవడం అన్ని వృత్తుల్లోనూ ఉన్న జబ్బే. మన దగ్గర దానికి ఆర్కిటెక్చరని పేరు పెట్టుకున్నాం, అంతే తేడా.

మే నెలలో సెలవు పెట్టి నేనే వెళ్ళాను. 32,000 పెట్టడానికి నాన్నగారు ఒప్పుకోలేదు. "ఒక్కసారి మేస్త్రికి చూపిద్దాం, ఆ తరవాత నీ ఇష్టం" అన్నారు. కాదనడానికి నా దగ్గర మొహం లేదు. ఇద్దరం వెళ్ళాం.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. జరిగిందంతా విన్నాడు. స్కానరు పెట్టలేదు, కోడు నేను చెబితే తలూపాడు. బానెట్టెత్తి, కింద చెయ్యి పెట్టి, క్రాంకు సెన్సరు కప్లరు ఊడదీశాడు. (అక్కడ కనెక్టరన్న మాట వినపడదు, అంతా కప్లరే.) తరవాత ఒక రేకు డబ్బా తెరిచాడు. అందులో రకరకాల పాత పిన్నులు. వాటిలోంచి సరిగ్గా ఆ సైజు మగ పిన్నొకటి వెతికి, కప్లరులోని మూడు ఆడ పిన్నుల్లో ఒక్కోదాంట్లో దూర్చి, మెల్లిగా వెనక్కి లాగి చూశాడు. మొదటిదాంట్లో పట్టుంది. రెండోదాంట్లో పట్టుంది. మూడోదాంట్లో పెట్టి కప్లరుని బోర్లించాడు. పిన్ను జారి కింద పడింది.

అంతే. అదీ జబ్బు. రెండు నిమిషాలు పట్టిందేమో.

సర్వీసు సెంటరు మీటరుకి ఇదెందుకు దొరకలేదంటే, వైరు నిజంగానే తెగలేదు. పిన్నూ బాగానే ఉంది. దాని మూతి వెడల్పయిపోయి, లోపలికొచ్చిన మగ పిన్నుని గట్టిగా పట్టుకోవడం లేదు. ఇంజను అదురుకీ వేడికీ ఒక్క క్షణం వదిలేస్తే చాలు, కారు ఆగుతుంది. సెన్సరు మార్చినప్పుడు కప్లరు ఊడదీసి పెట్టారు కాబట్టి కొత్త చోట ఆనుకుని మూడు వారాలు నడిచింది. సెన్సరు వల్ల బాగయిందని మనం అనుకున్నాం.

ఇప్పుడు ఆ ఒక్క పిన్ను బయటికి తియ్యాలి. నేను నా బ్యాగులోంచి ఆన్‌లైన్లో కొన్న పద్దెనిమిది పీసుల సెట్టు గర్వంగా తీశాను. మేస్త్రి రెండు పీసులు పట్టుకుని, వేళ్ళతో వంచి చూసి, "మెత్తగా ఉంది బాబూ ఇనుము, లోపల వంగిపోద్ది" అని తిరిగిచ్చేశాడు. ఆయన సామాను ఒక గుడ్డలో చుట్టి ఉంది. సైకిలు పుల్లని కొసన సుత్తితో చదును చేసి రాయి మీద అరగదీసినవి నాలుగైదు. గొడుగు పుల్లతో చేసినవి రెండు. గొడుగు పుల్లని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? గుండ్రంగా ఉండదు, పొడుగూతా గాడి ఉంటుంది. కొసని సానబడితే ఆ గాడి రెండు అంచులూ రెండు పళ్ళవుతాయి. రెండు ముళ్ళ పిన్నుకి అచ్చంగా సరిపోతుంది! పై స్టేప్లరు వైభవం గుర్తొచ్చి నేను నోరు మూసుకున్నాను.

ముందు కప్లరు మూతి దగ్గరున్న తెల్ల ప్లాస్టిక్ పలకని సన్న మొనతో కొంచెం పైకి జరిపాడు. అది రెండో తాళం. అది జరపకుండా పుల్ల పెడితే ఏ పిన్నూ రాదు, ప్లాస్టికు విరగడం తప్ప. తరవాత వెనకనుంచి వైరుని లాగలేదు, ముందుకి తోశాడు. బయటికి తియ్యాల్సినదాన్ని లోపలికి తోస్తాడేంటని మా నాన్నగారు నా వంక చూశారు. దాన్ని ఎప్పుడూ లాగుతూ ఉండటంతో నాలుక గట్టుకి బిగుసుకుని ఉంటుంది. కాస్త ముందుకి తోస్తే ఆ బిగువు పోతుంది, అప్పుడు నాలుక తేలిగ్గా నొక్కుకుంటుంది. ముందునుంచి సైకిలు పుల్ల దూర్చాడు, కళ్ళు మూసుకున్నాడు (నిజంగానే), ఎడమ చేత్తో వైరుని రెండు వేళ్ళతో ఇలా అన్నాడు. వచ్చేసింది. వైరు చుట్టూ ఉన్న రబ్బరు వాషరు కూడా చిరగకుండా.

పిన్నుని వెలుతుర్లోకి పట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"దీంట్లో ఎవరో మీటరు సూది దూర్చారండి" అన్నాడు నాన్నగారితో.

పరీక్ష చెయ్యడానికి చాలామంది చేసే పనే ఇది. మల్టీమీటరు సూది మొన లావు రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ పిన్నులోకి దూరాల్సిన మగ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్కసారి దూరిస్తే చాలు, లోపలి స్ప్రింగు చచ్చిపోతుంది. మీటరు మాత్రం ఓల్టేజి బ్రహ్మాండంగా చూపిస్తుంది.

నాకు చూపించింది. 5 ఓల్టులు. సంక్రాంతి మర్నాడు, మా ఇంటి వాకిట్లో, ముగ్గు తొక్కకుండా జాగ్రత్తగా నిలబడి మరీ చూశాను. మొదట సరిగ్గా తగల్లేదని రెండోసారి కొంచెం నొక్కి పెట్టాను కూడా.

నాన్నగారు "ఆ సర్వీసు సెంటరు వాళ్ళయ్యుంటారు" అన్నారు. మేస్త్రి ఏమీ అనలేదు. నేను... "అయ్యుండొచ్చు" అన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ మాట అన్నది నేనే. సర్వీసు సెంటరుకి వెళ్ళకముందే కారు రెండుసార్లు ఆగిందన్న సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

వెడల్పయిన మూతిని ప్లయరుతో నొక్కేస్తే సరిపోదా అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. "నాలుగు రోజులు పనిచేస్తాది. మళ్ళీ అమ్మగారు కార్లో ఉన్నప్పుడే ఆగుద్ది" అన్నాడు. పాత కప్లర్ల గుట్టలోంచి అదే రకంది వెతికి, అదే పద్ధతిలో ఒక మంచి పిన్నుని జానెడు వైరుతో సహా బయటికి తీశాడు. పాత రబ్బరు వాషరు దానికెక్కించాడు. వైర్లు రెండూ కలిపి, సాల్డరు చేసి, స్లీవు తొడిగి వేడి చేశాడు. ఆ తరవాత చేసిన చిన్న పని నాకు బాగా గుర్తుండిపోయింది: నొక్కుకుపోయిన నాలుకని బ్లేడు మొనతో ఓ వెంట్రుకవాసి పైకి లేపాడు. ఒకసారి తీసిన పిన్నుకి నాలుక పడుకునే ఉంటుంది, లేపకుండా దూరిస్తే టిక్కుమనదు, లోపల నిలవదు. దూర్చాడు. టిక్. వెనక్కి ఓసారి లాగి చూశాడు. తెల్ల పలకని నొక్కాడు, కూర్చుంది. పిన్ను పూర్తిగా లోపలికి పోకపోతే ఆ పలక కూర్చోదట. పనివాడు తప్పు చేస్తే పట్టుకునే ఏర్పాటు ప్లాస్టిక్కులోనే పెట్టారు. ఎవరో ఇంజనీరు చేసిన పనే. మన వృత్తివాళ్ళు ఇంత ఆలోచించి పెట్టిన తెల్ల పలక నాకు ఒక్కటీ గుర్తురాలేదు.

300 తీసుకున్నాడు. నాన్నగారు 500 ఇస్తే చిల్లర వెనక్కిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో నేనే డ్రైవింగు. దుగ్గిరాల దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ చెప్పాను, సూది దూర్చింది నేనేనని. నాన్నగారు కిటికీలోంచి చూస్తూ "ఆఁ" అన్నారు. కొంచెంసేపయ్యాక, "మీ అమ్మకి చెప్పకు. ఆయనకి మాత్రం ఫోన్ చేసి చెప్పు" అన్నారు.

ఆ ఫోను చెయ్యడానికి నాకు అయిదు రోజులు పట్టింది. హైదరాబాదొచ్చాక ఒక ఆదివారం చేశాను. ఏడాదిగా నాన్నగార్ని ఆయన దగ్గరికి వెళ్ళద్దన్నది కూడా నేనేనని చెప్పాను. అవతల గ్రైండరు చప్పుడు. ఎంతవరకు వినపడిందో తెలీదు.

"కప్లరు చూడగానే తెలిసింది బాబూ. సర్వీసు సెంటరు వాళ్ళ సూది మచ్చ వేరేగా ఉంటది, వాళ్ళు వెనకనుంచి పెడతారు" అన్నాడు. "సన్న సూదులు దొరుకుతాయి మీటరుకి, విడిగా అమ్ముతారు. కొనుక్కో. ముందునుంచి మాత్రం పెట్టొద్దు."

కొన్నాను. ఆ పద్దెనిమిది పీసుల సెట్టు మా అబ్బాయి మట్టి తవ్వుకోడానికి వాడుతున్నాడు. నాన్నగారి కారు మళ్ళీ ఆగలేదు.